మూత వేసినా ఆరని మంట

పొయ్యి మీద మూకుడులోని నూనె అంటుకొన్నప్పుడు మన ఇళ్లలోని తల్లులు కంగారుపడక దానిపై ఒక పళ్లెము బోర్లిస్తారు. క్షణంలో మంట చల్లారుతుంది. గడ్డివామి అంటుకొంటే రైతులు తడి గోనెలతో కొట్టి ఆర్పుతారు. గాలి అందని నిప్పు బ్రతుకదన్న ఈ జ్ఞానం మనకు ఏ పాఠశాలయు నేర్పలేదు. అది తరతరాలుగా చేతి నుంచి చేతికి వచ్చినది. అగ్నికి వాయువు తోడైనట్లన్న సామెత కూడ దాని నుంచి పుట్టినదే. అయితే ఆ వాయువును బయటి నుంచి యాచించక, తన కడుపులోనే మూటగట్టుకొని కూర్చున్న పదార్థములు కొన్ని ఈనాడు మన ఊళ్లలోనికి వచ్చినవి. వాటి విషయంలో మన పూర్వజ్ఞానం మనలను కాపాడదు సరికదా, ఆపదలోనికి నెట్టగలదు. ఈ వ్యాసం వ్రాయుటకు మమ్ములను పురికొల్పినది ఈ భయమే.

రసాయన శాస్త్రం చదివే మిత్రులకు ఆక్సీకరణి అన్న మాట కొత్త కాదు. నైట్రేట్లు, క్లోరేట్లు, పర్మాంగనేట్లు, పెరాక్సైడులు, బ్లీచింగ్ పౌడరులోని హైపోక్లోరైటు, ఇవన్నీ ఆ వంశానివే. పరీక్షలో ఎలక్ట్రానుల మార్పిడి గురించి నాలుగు వాక్యములు వ్రాసి మార్కులు తెచ్చుకొన్న మనము, అవే పదార్థములు ఒక గోదాములో నేలపై ఒలికితే ఏమి చేయవలెనో ఎరుగము. వీటిలో చాలవరకు తమంతట తాము మండవు. ప్రక్కనున్న దానిని మండిస్తాయి. గోనెను, కట్టెను, నూనెను, పొట్టును, చివరకు మన ఒంటి మీది చొక్కాను కూడ. కావలసిన ఆక్సిజన్ వాటి నుంచే వస్తుంది గనుక పళ్లెము బోర్లించినా, దుప్పటి కప్పినా, గది తలుపులు మూసినా ప్రయోజనం లేదు. గోడకు వ్రేలాడే ఎర్రని సిలిండరులోని కార్బన్ డయాక్సైడుగాని పొడిగాని ఇట్టి మంటలపై చాలినంత పని చేయవు. దానికి ఒకే ఒక మందు నీరు. చెంబెడు కాదు, బిందెడు కాదు, వరదవలె నీరు.

రామగిరి పరిసరాలకును దీనికిని ఏమి సంబంధమని పెద్దలు అడుగవచ్చును. మన కొండల క్రింద బంగారముండుట అందరికిని తెలిసినదే. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఆంగ్ల కంపెనీలు ఇక్కడ తవ్వకాలు సాగించినవి. తరువాత ప్రభుత్వ రంగంలోని భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ వచ్చినది. 2001 నాటికి ఆ పనులన్నియు ఆగిపోయినవి. గనులు మూతపడినవి గాని రాయిని పగులగొట్టుట ఆగలేదు. ఈనాడు మన చుట్టుప్రక్కల ఎన్నో గుట్టలు క్వారీలైనవి. క్వారీలలో వాడే పేలుడు మిశ్రమములకు అమ్మోనియం నైట్రేటు మూలపదార్థం. ధర్మవరం పట్టు అద్దకానికి హైడ్రోజన్ పెరాక్సైడు కావలెను. పంచాయతీ నీటి ట్యాంకులకు బ్లీచింగ్ పౌడరు కావలెను. పెనుకొండ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిపై హైదరాబాదు, బెంగుళూరుల మధ్య రాత్రింబవళ్లు నడిచే లారీలలో ఏమేమి ఉన్నవో మన ఊహకు అందదు. కనుక ఇది ఎక్కడో సముద్రపు టొడ్డున జరిగే కథ కాదు.

మాలో ఒకరు సెలవులలో ఒక అద్దకపు షెడ్డులో పనిచేసిన కాలంలో కన్నులార చూచిన సంగతి ఒకటి చెప్పెదము. గాఢమైన పెరాక్సైడు ఉన్న క్యాను ఒకటి అడుగున చిల్లిపడి కారసాగినది. పనివాడు, పాపము, బుద్ధిమంతుడే, నేల పాడుగాకూడదని పాత గుడ్డపీలికలతో శుభ్రంగా తుడిచి, ఆ గుడ్డలను మూలనున్న నూలు చెత్తబుట్టలో పడవేసినాడు. యజమాని అతని చురుకుదనాన్ని మెచ్చుకొన్నాడు కూడ. మధ్యాహ్నం భోజనాలకు వెళ్లి తిరిగి వచ్చేసరికి మూల నుంచి పొగ. ఎవరును బీడి కాల్చలేదు, తీగెలు రాచుకోలేదు. గుడ్డ ఆరుతున్న కొలది దానిలోని పెరాక్సైడు గాఢమై, వేడెక్కి, నూలును అంటించినది. అదృష్టమేమన, ఆ షెడ్డులో పట్టు జాడించే తొట్లు నిండుగా ఉన్నవి. నలుగురు కలసి తొట్లలోని నీళ్లు కుమ్మరించగా ఆరినది. ఆ గోడకే, మూడడుగుల దూరంలో, హైడ్రో అని అద్దకమువారు పిలిచే సోడియం హైడ్రోసల్ఫైటు డబ్బాలు ఉన్నవి. అది క్షయకరణి, అనగా పెరాక్సైడుకు పుట్టుశత్రువు. పైగా కొద్దిపాటి తడి తగిలినా తనకు తానే వేడెక్కి అంటుకొని, ఊపిరాడనీయని గంధకపు వాయువును విడుస్తుంది. రెంటిని ఒకే అలమరలో పెట్టుట పామును ముంగిసను ఒకే బుట్టలో మూయుటవంటిది. ఆ పనివానిని మేము తప్పుపట్టము. ఒలికినదానిని గుడ్డతో తుడవవలెననే కదా మన అందరికిని నేర్పినది.

ఈ అజ్ఞానం మన ఊళ్లకే పరిమితమని అనుకొనవలదు. 1947 ఏప్రిల్ 16వ తేదీన అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో గ్రాండ్‌కాంప్ అనే ఓడ నిలిచి ఉన్నది. దానిలో సుమారు 2,300 టన్నుల అమ్మోనియం నైట్రేటు, కాగితపు సంచులలో, ఎరువుగా ఎగుమతి కావలసి ఉన్నది. ఉదయం ఎనిమిది గంటల వేళ అడుగు అరలో పొగ కనిపించినది. నీళ్లు పోస్తే సరుకు చెడిపోతుందని ఓడ అధికారి తలచినాడు. అర పైకప్పు తలుపులు బిగించి, లోపలికి ఆవిరి వదలుమని ఆజ్ఞాపించినాడు. ఆ రోజులలో ఓడలలో మంటను ఊపిరాడకుండ చేసి ఆర్పే పద్ధతి అదే. పత్తి బేళ్లు అంటుకొంటే పనిచేసే ఉపాయం. నైట్రేటు విషయంలో అది పొయ్యిలో కట్టె ఎగద్రోసినట్లైనది. మూసిన అరలో వేడి పెరిగినది, పీడనం పెరిగినది. నారింజ రంగు పొగ వింతగా కనబడుటచే పిల్లలు, పెద్దలు రేవు దగ్గర గుమిగూడినారు. 9 గంటల 12 నిమిషాలకు ఓడ ప్రేలినది. ఆ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళంలోని 28 మందిలో 27 మంది ఆ ఒక్క క్షణంలో పోయినారు. మొత్తం మృతులు 581కి తగ్గరు. ప్రక్కనే ఉన్న హై ఫ్లయర్ అనే మరొక ఓడలోను నైట్రేటు ఉన్నది. అది మరునాటి అర్ధరాత్రి దాటిన తరువాత ప్రేలినది.

ఈ సంఘటనలో మమ్ములను కలవరపరచినది ప్రేలుడు పరిమాణం కాదు. ఆ అధికారి మూర్ఖుడు కాడు, సోమరి కాడు. తనకు తెలిసిన పద్ధతిని క్రమం తప్పక పాటించినాడు. ఇతర నిప్పులకు సరిపోయే పద్ధతిని ఈ నిప్పుకు వాడినాడు, అంతే. మన అద్దకపు షెడ్డులోని పనివానిది కూడ అదే దోషం. ఒకరి వెనుక పెద్ద ఓడ, ఇంకొకరి వెనుక చెత్తబుట్ట, అదియే భేదం.

అరువది ఆరేండ్లు గడచినవి. 2013 ఏప్రిల్ 17న అదే టెక్సాస్ రాష్ట్రంలో వెస్ట్ అనే చిన్న ఊరిలో ఎరువుల గోదాము అంటుకొన్నది. కట్టెతో కట్టిన భవనం, కట్టె అరలలో అమ్మోనియం నైట్రేటు. మంట కబురు అందిన ఇరువది నిమిషాలకే ప్రేలుడు జరిగినది. మరణించిన 15 మందిలో 12 మంది మంటను ఆర్పుటకు, సాయపడుటకు వచ్చినవారు. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో, ఏండ్ల తరబడి గోదాములో పడియున్న 2,750 టన్నుల నైట్రేటు ప్రేలి రెండు వందల మందికి పైగా బలియైనారు. మొదట పిలుపు అందుకొని వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది పది మందియు తిరిగి రాలేదు. లోపల ఏమున్నదో వారికి చెప్పినవారు లేరు. ఆ వార్త విన్న తరువాతనే, చెన్నై దగ్గర మనలిలో 2015లో పట్టుబడి పడియున్న సుమారు 700 టన్నుల నైట్రేటు సంగతి మన దేశంలో అందరికిని గుర్తు వచ్చినది. దానిని కంటైనర్లలో రోడ్డు మార్గాన హైదరాబాదుకు తరలించినారు. అయిదేండ్లు గుర్తుకు రానిది అయిదు దినములలో గుర్తుకు వచ్చుట మన దేశపు వాడుక.

దగ్గరి సంగతులు కూడ ఉన్నవి. 2021 ఫిబ్రవరి 23న మన సరిహద్దుకు అవతల చిక్కబళ్లాపురం జిల్లా హిరేనాగవల్లిలో క్వారీ పేలుడు పదార్థములు ప్రేలి ఆరుగురు చనిపోయినారు. అదే ఏడు మే 8న కడప జిల్లా మామిళ్లపల్లెలో, ముగ్గురాళ్ల గని దగ్గర జిలెటిన్ కడ్డీలు దించుతుండగా పది మంది కూలీలు ప్రాణములు కోల్పోయినారు. ఇవి ఒలికిన ఆక్సీకరణుల కథలు కావు, తయారైన పేలుడు సామగ్రి కథలు. అయినను ఒక సామ్యం చూడుడు. సరుకును దించువానికి ఆ సరుకు స్వభావం తెలియదు.

ఇక ఒలికినప్పుడును, అంటుకొన్నప్పుడును చేయవలసినదేమి? ప్రపంచమంతటా అత్యవసర సిబ్బంది పాటించే మార్గదర్శకములు ఈ విషయంలో ఏకకంఠంగా ఉన్నవి. వాటిని మన భాషలో, మన సరుకుల పేర్లతో చెప్పుటయే మా ప్రయత్నం.

ఒలికిన చోట నుంచి జనులను దూరం పంపవలెను. గడ్డపదార్థమైతే అన్ని వైపుల కనీసం 25 మీటర్లు, ద్రవమైతే 50 మీటర్లు. గాలి ఎటు నుంచి వీచుచున్నదో చూచి ఆ వైపుననే నిలువవలెను. మన కొండల మీది గాలిమరలు ఇట్టి సమయంలో ఒక ఉపకారం చేయగలవు. రంపపుపొట్టు, ఊక, వేరుశనగ పొట్టు, గోనె, కాగితం, గుడ్డ, ఇవేవియు దగ్గరకు చేర్చరాదు. కిరోసిను, గ్రీజు అంటిన పార కూడ పనికిరాదు. ద్రవాన్ని పొడి మట్టితోగాని ఇసుకతోగాని కట్టవేసి కాలువలోనికి, చెరువులోనికి పోకుండ ఆపవలెను. పొడిని శుభ్రమైన ప్లాస్టిక్ చేటతో ఎత్తి శుభ్రమైన పొడి డబ్బాలో వేయవలెను. ఎత్తినదానిని పొదుపు పేరిట తిరిగి పాత సంచిలో పోయుట మహాపరాధం, ఏలన దానితోపాటు నేల మీది దుమ్ము, నూనె, చెత్త కూడ లోనికి పోవును. పెరాక్సైడును తుప్పుపట్టిన ఇనుప పీపాలో పోసినా, బిరడా గట్టిగా బిగించినా, లోపల వాయువు పుట్టి పీపా పగులును. బ్లీచింగ్ పౌడరు ఒలికిన చోట మరుగుదొడ్లు కడిగే యాసిడ్ సీసా ఉండరాదు. ఆ రెండు కలిసిన చోట పుట్టే క్లోరిన్ వాయువు మంట కన్న ముందుగా మనిషిని పడగొడుతుంది. ఒంటి మీద పడినచో బట్టలు విప్పివేసి, కనీసం పదిహేను ఇరువది నిమిషములు ధారగా నీళ్లు పోయవలెను. సిగ్గుపడి తడిసిన చొక్కాతోనే ఇంటికి పోయినవానికి దారిలో ఆ చొక్కాయే శత్రువు కావచ్చును.

మంట చిన్నదైతే నీరు. దూరం నుంచి, విస్తారంగా. గది తలుపులు, కిటికీలు మూయరాదు. వేడి, వాయువులు బయటికి పోవలెను. మంట సరుకును చేరినచో, లేక నారింజ, గోధుమ రంగు పొగ లేచినచో అక్కడ మనము చేయదగిన సాహసం ఏదియు లేదు. లారీ అంటుకొంటే 800 మీటర్లు, అందులోనిది అమ్మోనియం నైట్రేటైతే 1,600 మీటర్లు, అనగా మైలు దూరం, జనులను తీసుకొని పోవలెను. ముక్కుకు తడిగుడ్డ కట్టుకొన్నంత మాత్రాన ఆ పొగ నుంచి రక్షణ లేదు. 101కో 112కో ఫోను చేసి, మంట ఉన్నదని మాత్రమేగాక, ఏమి మండుచున్నదో చెప్పవలెను. బీరూట్ సిబ్బందికి దక్కని ఉపకారం అదియే.

ఏమి మండుచున్నదో ఎట్లు తెలియును? లారీకిగాని పీపాకుగాని పసుపు రంగు వజ్రాకారపు పలకపై, వలయము మీద జ్వాల బొమ్మ, క్రింద 5.1 అన్న అంకె ఉన్నచో అది ఆక్సీకరణి. నాలుగంకెల సంఖ్య కూడ ఉంటుంది. 1942 అనగా అమ్మోనియం నైట్రేటు. 2014 అనగా గాఢ హైడ్రోజన్ పెరాక్సైడు. చరిత్ర విద్యార్థులు వీటిని సంవత్సరములని భ్రమపడకుందురు గాక. మన దేశంలో కేంద్ర మోటారు వాహనాల నియమములు ప్రమాదకరమైన సరుకు మోసే లారీలకు ఇట్టి పలకలను తప్పనిసరి చేసినవి. 2012 నాటి అమ్మోనియం నైట్రేటు నియమములు నిలువకు, రవాణాకు లైసెన్సులు విధించినవి. కాగితం మీద మనకు లోటు లేదు. అయితే పలక మీద ఇంగ్లీషు; చదువవలసిన డ్రైవరు, క్లీనరు, హమాలీ, అద్దకపు పనివాడు తెలుగువాడో ఉర్దూవాడో. మన కళాశాలలో ఈ రెండు భాషలును చదువుకొనే పిల్లలున్నారు. రెండు భాషలలోను నాలుగేసి వాక్యముల గోడపత్రికలు వ్రాసి, అద్దకపు షెడ్డులలోను, క్వారీలలోను, పంచాయతీ కార్యాలయాలలో బ్లీచింగ్ పౌడరు బస్తాల పైనను అంటించుటకు మనకంటె తగినవారు ఎవరున్నారు? దీనికి నిధులక్కరలేదు, జిగురు, కాగితం, రెండు ఆదివారములు చాలును.

నీటి సంగతి దగ్గర మా వాదం తడబడుచున్నదని ఒప్పుకొందుము. ఈ నిప్పుకు వరదవలె నీరు కావలెనంటిమి. దేశంలో అతి తక్కువ వాన కురిసే సీమలలో మనది ఒకటి. వేసవిలో బిందెల వరుసలు ఎరుగని వీధి లేదు. అగ్నిమాపక శకటం ధర్మవరం నుంచో హిందూపురం నుంచో రావలెను. వచ్చినా అది తెచ్చే నీరు కొన్ని నిమిషములకే సరి. కనుకనే మా అభిప్రాయంలో, నీరు గల దేశములకన్న మనము ముందుజాగ్రత్తపై ఎక్కువగా ఆధారపడవలెను. ఆర్పుటకు చాలినంత నీరు లేనిచోట ఆర్పలేనంత సరుకు నిలువ చేయరాదు. ఏడాదికి సరిపడు పెరాక్సైడును ఒక్కసారి చవకగా కొని పెట్టుకొనుట వ్యాపార దృష్టితో తెలివి కావచ్చును, ఆ షెడ్డు వెనుక కాపురముండే వారి దృష్టితో కాదు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్విన సామెత అందరును చెప్పుదురు. మన సీమలో త్రవ్వినా నీరు పడదు, అంతకన్న చెప్పనేల.

వెనుదిరుగుమని మేము వ్రాసినందుకు కొందరు మిత్రులు మమ్ములను ఆక్షేపించినారు. యువకులకు ధైర్యం బోధించవలసిన పత్రికలో పారిపొమ్మని వ్రాయుదురా అని వారి ప్రశ్న. వెస్ట్ గ్రామంలో చనిపోయినవారు పిరికివారు కారు. బీరూట్‌లో పదిమందియు పిరికివారు కారు. మన ఊళ్లలో నిప్పు అన్న కేక వినగానే మొదట పరుగెత్తేది మన ఈడువారే. బావి దగ్గర, జాతరలో, బాబయ్య స్వామి ఉరుసు జనసందోహంలో ఎక్కడైనా సరే. ఆ పరుగును మేము గౌరవిస్తాము. ఎటు పరుగెత్తవలెనో కూడ చెప్పుటయే మా కోరిక. బిందెతో వచ్చువారికన్న, మైలు దూరంలో నిలిచి దారిన పోయే బస్సులను ఆపి త్రిప్పి పంపువాడు ఎక్కువ ప్రాణములు కాపాడినవాడు కావచ్చును. అతనికి ఎవరును దండ వేయరు, అది వేరు సంగతి.

కళాశాల పాలకవర్గానికి మా విన్నపములు పెద్దవి కావు. రసాయన ప్రయోగశాలలో పొటాషియం పర్మాంగనేటు, పొటాషియం డైక్రోమేటు, నైట్రేట్లు ఈనాడు అక్షరక్రమంలో అమర్చి ఉన్నవి. అక్షరక్రమం గ్రంథాలయానికి అందం. ప్రయోగశాలలో దాని పుణ్యమా అని పర్మాంగనేటు ప్రక్కనే దానితో పొసగని సీసాలు వచ్చి కూర్చుండును. ఆక్సీకరణులకు వేరే ఉక్కు అలమర ఒకటి కావలెను. కట్టె అలమర వలదు. వెస్ట్ గోదాము అరలు కట్టెవి. గ్లిజరిను, స్పిరిటు, గంధకం, కాగితపు కట్టలు దానికి దూరంగా ఉండవలెను. ప్రయోగశాల తలుపు బయట నీళ్ల కుళాయికి పొడవైన రబ్బరు గొట్టం ఒకటి ఎల్లప్పుడును తగిలించి ఉండవలెను. ఏప్రిల్ 14న, 1944లో బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ ప్రేలినప్పుడు ప్రాణములర్పించిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది స్మృతిగా దేశమంతటా అగ్నిమాపక సేవా వారోత్సవాలు మొదలగును. ఆ ఓడలోను పత్తి, నూనె పీపాలు, పేలుడు పదార్థములు, బంగారు కడ్డీలు ఒక్కచోట చేర్చినారు. ఆ వారంలో ఒక దినం ధర్మవరం దళమువారిని ఆహ్వానించి, సిలిండరుతో కాగితములు కాల్చి ఆర్పే మామూలు ప్రదర్శన గాక, ఆ సిలిండరు ఏ మంటల దగ్గర పనికిరాదో చెప్పించవలెనని కోరుచున్నాము.

చివరి విన్నపం విద్యార్థి మిత్రులకు, మాకు మేమే కూడ చెప్పుకొనుచున్నాము. ప్రయోగశాల వరండాలో ఇసుక నింపిన రెండు ఎర్ర బకెట్లు వ్రేలాడుచున్నవి. ఈ వ్యాసం వ్రాయుటకు ముందు వాటిని దించి చూచితిమి. ఒకదానిలో ఇసుక సగం. దానిపై ఎండిన వేపాకులు, సినిమా టిక్కెట్లు, విరామ సమయంలో మనము తిని పారవేసిన వేరుశనగ పొట్టు. పర్మాంగనేటు ఒలికిన దినాన ఎవరైనా ఆ బకెట్టును తెచ్చి దానిపై కుమ్మరించుదురు. రెండవ బకెట్టు అడుగు తుప్పుపట్టి ఊడిపోయినది. మొదటి దానిని ఈ శనివారం మేము జల్లించి మరల నింపుచున్నాము. రెండవది పాలకవర్గమువారు మార్పించవలసి ఉన్నది.